ఆటస్థలానికి దాతలు

తాడేపల్లిగూడెం పట్టణాన్ని ఆనుకొని పాతకాలపు విమానాల దిగుడు మైదానం ఒకటి ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1942 ప్రాంతాన, నాటి ప్రభుత్వం సైనిక విమానాల కొరకు అక్కడ పొడవైన బాట వేయించినది. యుద్ధం ముగిసినది, విమానాలు వెళ్ళిపోయినవి, బాట మిగిలినది. ఒక సాయంకాలం మేము అటు వెళ్ళినప్పుడు కొందరు పిల్లలు ఇటుకలు పేర్చి వికెట్లుగా నిలిపి క్రికెట్టు ఆడుతూ కనిపించినారు. వారికి కొంచెం దూరంలో ఇద్దరు బాలికలు పరుగుపందెం పెట్టుకొంటున్నారు. వారిని నడిపించే ఉపాధ్యాయుడు గాని, సున్నంతో గీసిన గీత గాని అక్కడ లేదు. “ఈ స్థలం మీకు ఎవరిచ్చినారు?” అని అడిగితే ఒక కుర్రవాడు, “ఎవరూ ఇవ్వలేదండి, ఖాళీగా ఉందని ఆడుకుంటున్నామండి” అన్నాడు.

ఆ కుర్రవాడు యథాలాపంగా అన్న మాట మమ్ములను చాలాసేపు వదలలేదు. పిల్లలు ఆడుకొనడానికి నేల కావలెను. ఆటను నేర్పడానికి మనిషి కావలెను. నేర్చిన ఆటలో నిలకడగా ఎదగడానికి ఆహారం, పరికరాలు, ప్రయాణ వ్యయం కావలెను. ఈ సొమ్ము మన దేశంలో ఏయే కాలాలలో ఎవరు పెట్టినారు? పెట్టినవారు బదులుగా ఏమి కోరినారు? ఆ సొమ్ము ఎవరివరకు చేరినది, ఎవరిదాకా రాకుండ ఆగిపోయినది? ఈ ప్రశ్నలకు చరిత్ర ఇచ్చే సమాధానాలను ఈ ప్రసంగంలో శ్రోతల ముందు ఉంచదలచినాము.

మన పూర్వుల ఆటలు చాలవరకు ఖర్చు లేనివి. చెడుగుడుకు ఒక గీత, ఇంత మెత్తని నేల ఉంటే చాలును. బిళ్ళంగోడుకు చిన్నదొకటి, పెద్దదొకటి రెండు కర్రముక్కలు చాలును. కోతికొమ్మచ్చికి చెట్టే మైదానం. ఈతకు కాలువలు ఉండనే ఉన్నవి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయిన తరువాత ఈ డెల్టా అంతటా అల్లుకొన్న కాలువలు చేలకు నీరిచ్చినవి. అడగకుండనే పిల్లలకు ఈత కూడ నేర్పినవి. అయితే కుస్తీకి, కర్రసాముకు ఇది చాలదు. గోదా త్రవ్వి మట్టిని మెత్తగా ఉంచవలెను, గురువును పోషించవలెను, దండీలు, బస్కీలు తీసే యువకునికి పాలు, పప్పు, నెయ్యి సమకూర్చవలెను. అందుచేత సర్కారు జిల్లాల పట్టణాలలో తాలింఖానాలు, గరిడీలు వెలసినచోట వాటి వెనుక ఎవరో ఒక వర్తకుడో, భూస్వామియో, వీధివారి చందాయో ఉండేది. దసరా ఊరేగింపులో సాముగరిడీలు చూపించిన యువకులకు తలకొక తువ్వాలు, కొంత పైకము ఇచ్చేవారు. క్రీడకు దానం అన్నది మన ప్రాంతంలో మొదట ఆ రూపంలోనే కనిపించినది.

ఈ పోషణ పరిధిని దాటి దేశదేశాలలో పేరు తెచ్చుకొన్న తెలుగు మల్లుడు కోడి రామమూర్తి నాయుడు. శ్రీకాకుళం ప్రాంతంలోని వీరఘట్టంలో జన్మించి విజయనగరంలో వ్యాయామం అభ్యసించి, 20వ శతాబ్ది తొలి దశాబ్దాలలో ఆయన సొంతంగా సర్కసు నడిపినాడు. ఛాతీకి బిగించిన ఇనుపగొలుసును ఊపిరి పూరించి తెంచేవాడు. ఏనుగును రొమ్ముమీద నిలిపేవాడు. ఆయనకు మొదట నేర్పినది వ్యాయామశాల అయినా, నిలబెట్టినది మాత్రం అణాలు పెట్టి టిక్కెట్టు కొన్న సామాన్య జనం. ఒక విధంగా ఆ జనమే ఆయనకు దాతలు. నేడు శ్రీకాకుళంలోని క్రీడామైదానం ఆయన పేరు మీద ఉన్నది.

రాజులు దాతలైనప్పటి సంగతి మరొక తీరు. అందులోని మంచికి, చెడ్డకు కూడ తెలుగువారి చరిత్రలోనే ఉదాహరణలు ఉన్నవి. నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1895లో జన్మించిన సి.కె. నాయుడు 1926లో ఇంగ్లండు నుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై 153 పరుగులు చేసి, అందులో 11 సిక్సర్లు కొట్టి దేశాన్ని ఆశ్చర్యపరచినాడు. అంతకు ముందే ఆయన ప్రతిభను గుర్తించి ఇండోరు హోల్కారు మహారాజు తన సైన్యంలో పదవినిచ్చినాడు. ఆ పదవి ఆయనకు నిశ్చింతగా ఆడే వీలు కల్పించినది. 1932లో భారతదేశం ఆడిన మొదటి టెస్టులో నాయకుడు ఆయనే. ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన 1953-54లో, దాదాపు 58 సంవత్సరాల వయస్సులో, రంజీ పోటీలలో ఆంధ్ర జట్టుకు ఆయన నాయకత్వం వహించినాడు. ఒక సంస్థానాధీశుడు ఇచ్చిన ఆసరా ఫలితం అక్కడెక్కడో కాక, చివరకు ఆంధ్ర యువకులకు కూడ అందినది.

విజయనగర రాజవంశానికి చెందిన మహారాజకుమార్ విజయానంద గజపతి కథ వేరు. క్రీడాలోకం ఆయనను ‘విజ్జీ’ అని పిలిచినది. క్రికెట్టుకై ఆయన పెట్టినంత సొమ్ము పెట్టినవారు ఆనాడు అరుదు. 1930-31లో జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ వంటి ప్రసిద్ధులను స్వయంగా రప్పించి భారతదేశంలోను, సింహళంలోను ఆడించినాడు. అంతవరకు అది ఔదార్యం. కాని దాత తానే బ్యాటు పట్టి నాయకుడు కావలెనని కోరినాడు. 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారతజట్టుకు ఆయనను నాయకుని చేసినారు. ఆ పర్యటనలో, మొదటి టెస్టుకు ముందే, జట్టులో ఉత్తమ ఆటగాళ్ళలో ఒకడైన లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరిట ఇంటికి పంపివేసినారు. మూడు టెస్టులలో కలిపి విజ్జీ చేసిన పరుగులు 33. తరువాతి కాలంలో ఆయన ఆకాశవాణి క్రికెట్టు వ్యాఖ్యాతగా శ్రోతలకు పరిచితుడైనాడు. కనుక ఆయనను మేము పరాయివానిగా చూడలేము. అయినను చరిత్ర చెప్పే పాఠం చెప్పక తప్పదు: సొమ్ము ఇచ్చినంత మాత్రాన జట్టును ఎంపిక చేసే అధికారం దాతకు రాకూడదు.

వ్యాపారసంస్థల వైపు చూస్తే, ఈ మార్గంలో మొదటివారిలో చెప్పదగినవాడు సర్ దొరాబ్జీ టాటా. పూనాలో డెక్కన్ జిమ్‌ఖానా వారు జరిపిన పోటీలలో కాళ్ళకు జోళ్ళు లేకుండ పరుగెత్తిన రైతుయువకులను ఆయన చూచినాడు. మైలురాళ్ళ లెక్కన పరుగెత్తడమే గాని నియమాలు తెలియని ఆ యువకుల వేగం ఐరోపావారి వేగానికి మరీ తీసిపోలేదని ఆయనకు తోచినది. ఫలితంగా 1920లో ఆంట్‌వర్ప్ ఒలింపిక్ క్రీడలకు భారతీయుల చిన్న బృందం వెళ్ళినది. ఆ ఖర్చులో ఆయన సొంత సొమ్ము కూడ ఉన్నది. 1927లో భారత ఒలింపిక్ సంఘం ఏర్పడినప్పుడు మొదటి అధ్యక్షుడు ఆయనే. ఆ 1920లోనే మద్రాసులో హ్యారీ బక్ అనే అమెరికను వై.ఎం.సి.ఎ. వ్యాయామవిద్యా కళాశాలను ప్రారంభించినాడు. నాడు మద్రాసు రాష్ట్రంలో భాగమైన తెలుగు జిల్లాల ఉన్నత పాఠశాలలకు వ్యాయామోపాధ్యాయుడు అనే ఉద్యోగిని అలవాటు చేయడంలో ఆ కళాశాలకు ముఖ్యమైన పాలు ఉన్నది. ఒకరు ఆటగాడిని పంపినారు. మరొకరు నేర్పేవారిని తయారుచేసినారు. ఈ రెండవ పనికి పత్రికలలో పెద్ద అక్షరాలు దొరకవు. కాని పాఠశాల వెనుక ఇసుకలో ఎత్తుదూకుడు నేర్చుకొన్న ప్రతి బాలుడు దానికి ఋణపడి ఉన్నాడు.

తరువాత వచ్చినది ఉద్యోగాల యుగం. బొంబాయిలో 1930లో ప్రారంభమైన టైమ్స్ షీల్డు పోటీలలో కచేరీలు, మిల్లులు, కంపెనీలు తమ తమ జట్లను దింపినవి. మంచి ఆటగాడు కనిపిస్తే కంపెనీ అతనికి గుమాస్తా ఉద్యోగమిచ్చి మధ్యాహ్నం మైదానానికి పంపేది. హైదరాబాదులో నగర పోలీసు ఫుట్‌బాలు జట్టు సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో దేశమంతటా పేరు పొందినది. ఆల్విన్ కర్మాగారానికి కూడ సొంత ఫుట్‌బాలు జట్టు ఉండేది. రైల్వేలు, బ్యాంకులు ఈ దారినే నడచినవి. పేదింటి యువకునికి ఇది నిజమైన మేలు. పతకం పాతబడినా జీతం వచ్చేది. మోకాలు దెబ్బతిన్నా ఇల్లు నడిచేది. కాని ఈ ఏర్పాటుకు ఒక హద్దు ఉన్నది. ఉద్యోగం ఇచ్చేది అప్పటికే ఆడగలిగినవానికి. పది సంవత్సరాల పిల్లవానికి గుమాస్తా పదవి ఎవరిస్తారు? వాడు ఆ స్థితికి చేరేవరకు భారం వహించవలసినది తల్లిదండ్రులే.

ఇంకొక పోషణ కూడ వచ్చినది: పేరు కొరకు పెట్టే పెట్టుబడి. మన రేడియోలలో, టెలివిజనులలో క్రికెట్టు ఇంటింటికి చేరిన కొద్దీ కంపెనీలు పోటీల పేర్లనే కొనడం మొదలుపెట్టినవి. 1996లో భారత, పాకిస్తాన్, శ్రీలంక దేశాలలో జరిగిన ప్రపంచకప్పు ఒక సిగరెట్టు పేరుతో జరిగినది. యువకుల ఊపిరితిత్తులకు బలమిచ్చే ఆటకు, వాటిని చెరిచే పొగ దాత అయినది. పూర్వపు పశ్చిమగోదావరి మెట్ట ప్రాంతంలో పొగాకు పండించే రైతు కుటుంబాలను నిందించడం మా ఉద్దేశం కాదు. పిల్లల మనస్సులో ఆటను, సిగరెట్టును ఒకేచోట ముడివేయడం తప్పని 2003లో పార్లమెంటు నిర్ణయించి, పొగాకు వస్తువుల ప్రకటనలను, అటువంటి ప్రాయోజకత్వాన్ని నిషేధిస్తూ చట్టం చేసినది. దానికి రెండేళ్ళ ముందు ఒక తెలుగు యువకుడు చట్టంతో పనిలేకుండ ఇటువంటి నిర్ణయమే తీసుకొన్నాడు. 2001 మార్చిలో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ విజేత అయిన పుల్లెల గోపీచంద్, ఒక శీతల పానీయపు ప్రకటనలో కనిపించడానికి నిరాకరించినాడు. తాను తాగని పానీయాన్ని పిల్లలను తాగమని చెప్పలేనని ఆయన భావించినాడు.

ఆ గోపీచంద్ తరువాత చేసిన పని మన ఈ చర్చకు అతి ముఖ్యమైనది. నాటి ప్రకాశం జిల్లాలోని నాగండ్లలో జన్మించిన ఆయన, పిల్లలకు శిక్షణ ఇచ్చే అకాడమీ ఒకటి స్థాపించదలచినాడు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హైదరాబాదు గచ్చిబౌలిలో 5 ఎకరాల స్థలం కౌలుపై ఇచ్చినది. స్థలం ఉన్నది, కాని కట్టడానికి సొమ్ము లేదు. ఆయన తన ఇల్లు తాకట్టు పెట్టినాడు. చాలామంది వ్యాపారులు బ్యాడ్మింటనులో ఏమి లాభమని వెనుకాడినారు. చివరకు పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ 5 కోట్ల రూపాయలు ఇచ్చినాడు. భారతదేశానికి బ్యాడ్మింటనులో ఒలింపిక్ పతకం తేవలెనన్నదే ఆయన పెట్టిన షరతు. 2008లో అకాడమీ ప్రారంభమైనది. 2012లో లండనులో సైనా నెహ్వాల్ కంచు పతకం గెలుచుకొన్నది. 2016లో రియోలో పి.వి. సింధు రజతం, 2021లో టోక్యోలో కంచు తెచ్చినది. మన గోదావరి పాయలకు అవతల అమలాపురంలో పుట్టిన సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి కూడ అక్కడే తీర్చిదిద్దబడి, 2022లో థామస్ కప్పు గెలిచిన జట్టులో ఒకడైనాడు. 2023 ఆసియా క్రీడలలో చిరాగ్ శెట్టితో కలిసి స్వర్ణం సాధించినాడు.

ఈ కథలో ముగ్గురు భాగస్వాములు ఉన్నారని శ్రోతలు గమనించగలరు. ప్రభుత్వం నేల ఇచ్చినది. వ్యాపారి సొమ్ము ఇచ్చినాడు. ఆటగాడు తన జీవితం ఇచ్చినాడు. ముగ్గురిలో ఏ ఒక్కరు లేకున్నా పని సాగదు. అదే సమయంలో ఇంకొక సంగతి కూడ గమనించవలెను. అమలాపురం బాలుడు ప్రపంచం ముందుకు రావడానికి హైదరాబాదుకు పోవలసివచ్చినది. కుమారుణ్ణి పంపగలిగిన తల్లిదండ్రులు పంపినారు. పంపలేనివారి పిల్లలలో ఎవరికి ఎంత ప్రతిభ ఉన్నదో లెక్క తీసినవారు లేరు.

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట బిడ్డ కరణం మల్లేశ్వరి జీవితం ఈ సంగతినే మరొక విధంగా చెప్పుచున్నది. 1975లో ఆమె జన్మించినది. తండ్రి రైల్వే రక్షకదళంలో కానిస్టేబులు. అక్కచెల్లెళ్ళు కూడ బరువులెత్తేవారు. ఊరి వ్యాయామశాలలో నీలంశెట్టి అప్పన్న తొలిపాఠాలు నేర్పినాడు. తరువాత ప్రభుత్వ క్రీడాసంస్థ ఆమెను చేరదీసినది. 1994లోను, 1995లోను ఆమె ప్రపంచ విజేత అయినది. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 110, 130 కిలోలు ఎత్తి, మొత్తం 240 కిలోలతో కంచు పతకం గెలిచి, ఒలింపిక్ పతకం పొందిన మొదటి భారతీయ మహిళ అయినది. కానుకలు, పెద్ద పెద్ద ప్రకటనలు ఆ పతకం తరువాత వచ్చినవి. ఆమెకు అవి అవసరమైన రోజులలో ఆదుకొన్నది మాత్రం తల్లి పట్టుదల, ఊరి గురువు, తండ్రి జీతం. గెలిచినవారిని గౌరవించడం మంచిదే. కాని గెలవబోయేవారిని గుర్తించేందుకు సొమ్ము పెట్టడం అంతకంటె కష్టం. ఎందుకనగా అక్కడ ఫలితం గురించి హామీ లేదు.

విశాఖపట్నం బాలిక జ్యోతి యర్రాజీ కథలో కొంత మార్పు కనిపించుచున్నది. ఆమె తండ్రి కాపలాదారు, తల్లి పాచిపని చేసి ఇల్లు నడిపినది. పాఠశాలలోనే ఆమె హర్డిల్స్ నేర్చుకొన్నది. తరువాత భువనేశ్వరులో ఒడిశా ప్రభుత్వం, రిలయన్స్ ఫౌండేషన్ కలిసి నడిపే శిక్షణకేంద్రంలో విదేశీ శిక్షకుడు జేమ్స్ హిల్లియర్ వద్ద చేరినది. 2022 మే నెలలో సైప్రస్‌లో 13.23 సెకండ్లలో పరుగెత్తి, 20 సంవత్సరాలుగా చెక్కుచెదరని 100 మీటర్ల హర్డిల్స్ జాతీయ రికార్డును దాటినది. 2023లో బ్యాంకాక్‌లో ఆసియా విజేత అయినది. 2024లో పారిస్ ఒలింపిక్సులో ఆ పోటీలో పాల్గొన్న మొదటి భారతీయ మహిళ ఆమె. ఈమెకు ఆసరా పతకం కంటె ముందే అందినది. మల్లేశ్వరి నాటికి, జ్యోతి నాటికి మధ్య కాలంలో వచ్చిన మార్పులలో ఒకటి చట్టం.

ఆ చట్టం గురించి నాలుగు మాటలు వివరంగా చెప్పవలెను. 2013లో పార్లమెంటు చేసిన కంపెనీల చట్టంలో 135వ విభాగం 2014 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. 500 కోట్ల రూపాయల నికర విలువ గాని, 1000 కోట్ల వార్షిక టర్నోవరు గాని, 5 కోట్ల నికర లాభం గాని ఉన్న కంపెనీ, గడచిన మూడు సంవత్సరాల సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజహితానికి వెచ్చించవలెను. దేనికి వెచ్చించవచ్చునో చెప్పే ఏడవ షెడ్యూలులో గ్రామీణ క్రీడలు, జాతీయ గుర్తింపు పొందిన క్రీడలు, పారాలింపిక్, ఒలింపిక్ క్రీడలలో శిక్షణ కూడ చేర్చినారు. తాను పనిచేసే ప్రాంతానికి, దాని చుట్టుపట్లకు కంపెనీ ప్రాధాన్యం ఇవ్వవలెనని కూడ చట్టం చెప్పుచున్నది. అనగా, ఇది పూర్వపు రాజుగారి ముచ్చట వంటిది కాదు; చట్టం విధించిన బాధ్యత.

ఇందులో శ్రోతలు తెలుసుకోదగిన మెలికలు కొన్ని ఉన్నవి. 2014 జూన్‌లో కేంద్రప్రభుత్వం ఇచ్చిన వివరణ ప్రకారం, ఒక్కరోజు మారథాన్ పరుగు, బహుమతి ప్రదానం, ప్రకటన, టెలివిజను కార్యక్రమానికి ప్రాయోజకత్వం వంటి విడివిడి ఖర్చులు ఈ లెక్కలోకి రావు. 2021 జనవరిలో సవరించిన నియమాల ప్రకారం, తన సరకుకు ప్రచారం సంపాదించుకొనేందుకు చేసే ప్రాయోజకత్వం కూడ రాదు. కార్యాలయ నిర్వహణకు ఆ సొమ్ములో 5 శాతానికి మించి వాడరాదు. ఇవి మంచి నియమాలు. చొక్కాల మీద పేరు అచ్చువేసి, ఫొటో తీయించుకొని, మరుసటి రోజు మరచిపోయే దానాన్ని ఇవి అడ్డుకొనుచున్నవి.

కాని ఇంకొక నియమం మన గ్రామాలకు అడ్డుగా నిలిచే అవకాశం ఉన్నది. కంపెనీ స్వయంగా పని చేయవచ్చును, లేదా మరొక సంస్థ ద్వారా చేయించవచ్చును. ఆ సంస్థ బయటిదైతే రిజిస్టరైన ట్రస్టో, సంఘమో, లాభాపేక్ష లేని కంపెనీయో కావలెను. ఆదాయపు పన్ను గుర్తింపులు ఉండవలెను. అటువంటి పనిలో మూడు సంవత్సరాల అనుభవం చూపవలెను. మోసాన్ని అడ్డుకొనడానికి ఇది అవసరమే. కాని కొల్లేటి లంకగ్రామంలో సాయంకాలం పిల్లలను పోగుచేసి చెడుగుడు ఆడించే యువకునికి రిజిస్ట్రేషను లేదు, లెక్కల పుస్తకం లేదు, ఇంగ్లీషులో వ్రాసిన నివేదిక లేదు. పని అతనిది, అర్హత మరొకరిది. నగరంలో మంచి కార్యాలయం ఉన్న సంస్థకు చేరే సొమ్ము అతని ఊరికి చేరకపోవచ్చును. చట్టం చేసిన మేలు ఇక్కడ సగంలో ఆగిపోవుచున్నది.

కొల్లేటి గ్రామాలను ఊరక ఉదహరించలేదు. కృష్ణా గోదావరుల మధ్య విస్తరించిన ఆ సరస్సు 1999లో వన్యప్రాణి అభయారణ్యమైనది. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరినది. పక్షులకు అంత గొప్ప చోటు కావడం మనందరికి గర్వకారణమే. అక్కడి లంకలలో ఎత్తైన నేల కొద్దిగా ఉంటుంది. అది ఇండ్లకే చాలదు. వానకాలంలో చుట్టూ నీరే. అటువంటి చోట ఆటస్థలం అనగా బడి ఆవరణ మాత్రమే. ఆ ఆవరణకు గోడ, మెరక, ఒక వాలీబాలు వల, బాలికలకు ఒక శౌచాలయం సమకూర్చితే, ఊరికంతటికి క్రీడామైదానం ఇచ్చినట్లే. కోట్లతో కట్టే స్టేడియం కంటె ఇది చిన్న పని. కాని ఇటువంటి చిన్న పనికి పెద్ద దాతలు తరచుగా దొరకరు, ఎందుకనగా ప్రారంభోత్సవానికి అది చాలినంత ఘనంగా కనిపించదు.

మన ప్రాంతం పరిశ్రమలకు కొత్తది కాదు. ఏలూరులో జనపనార మిల్లు గత శతాబ్ది ఆరంభకాలం నాటిది. తణుకులో ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ 1947లో ఆంధ్రా షుగర్స్ స్థాపించినారు. తాడేపల్లిగూడెంలో 1960లో ఫుడ్స్ ఫ్యాట్స్ అండ్ ఫెర్టిలైజర్స్ కర్మాగారం వెలసినది. ఆ వర్తక కుటుంబమైన గోయెంకాల పేరు ఊరి కళాశాలలకు కూడ ఉన్నది. విద్యకు, వైద్యానికి దానం చేసే సంప్రదాయం గోదావరి జిల్లాలలో బలమైనది. ఊరిలో బడి కావలెనన్నా, ఆసుపత్రి కావలెనన్నా వెళ్ళి అడుగుటకు మనవారు సంకోచించలేదు. ఆటస్థలం మాత్రం అడిగినవారు తక్కువ. ఆట అనగా చదువును చెడగొట్టేది అన్న అభిప్రాయం మన ఇండ్లలో ఇంకను ఉన్నది. అడగనిది దాతకు ఎట్లు తెలియును?

ఈ అభిప్రాయం ఎంత నష్టం చేయుచున్నదో ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కలు చెప్పుచున్నవి. 5 నుండి 17 సంవత్సరాల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా శరీరం చెమర్చే విధంగా కదలవలెనని ఆ సంస్థ సలహా. 146 దేశాల సమాచారంతో 2019లో వెలువడిన అధ్యయనం ప్రకారం, 11 నుండి 17 సంవత్సరాల వయస్సువారిలో నూటికి 81 మంది ఆ మాత్రం కూడ కదలడం లేదు. బాలికలలో ఈ సంఖ్య 85, బాలురలో 78. ఈ పిల్లలలో నూటికి తొంభైతొమ్మిదిమంది ఏ పతకమూ గెలవరు. అయినను వారి ఎముకలకు, గుండెకు, మనస్సుకు ఆట అవసరమే. పతకాన్ని మాత్రమే లక్ష్యంగా పెట్టుకొన్న దానం వీరిని చూడదు. అందుచేత కంపెనీలు ఇచ్చే సహాయాన్ని రెండు పాయలుగా పారించవలెనని మాకు తోచుచున్నది: ఒకటి శిఖరం ఎక్కగల కొద్దిమందికి, రెండవది నేలమీద ఆడుకొనే అందరికి. గోదావరి నీరు పెద్ద కాలువతో ఆగిపోతే పొలం పండదు. పంటబోదెల దాకా రావలెను.

అట్లు రావడానికి ఊరివారు చేయవలసిన పని కూడ కొంత ఉన్నది. మొదట పంచాయతీయో, పురపాలక సంఘమో, పాఠశాలయో ఆటస్థలం హద్దులను రికార్డులలో స్పష్టంగా వ్రాయించవలెను. ఎవరిదో తెలియని నేలమీద ఏ సంస్థా సొమ్ము పెట్టదు; పెట్టినా రేపు అక్కడ దుకాణాలు లేవవచ్చును. రెండవది, యువకుల సంఘాన్ని రిజిస్టరు చేయించి, చిన్నదైనా లెక్కల పుస్తకం ఉంచవలెను. మూడు సంవత్సరాల అనుభవం కావలెనన్న నియమానికి నేడే ప్రారంభిస్తే మూడేళ్ళలో అర్హత వచ్చును. మూడవది, అడిగేటప్పుడు కప్పులు, టీషర్టులు కాక, శిక్షకుని జీతం, మైదానం నిర్వహణ అడుగవలెను. వల చిరుగుతుంది, గడ్డి పెరుగుతుంది, దీపం మాడుతుంది. వాటికి ప్రతి సంవత్సరం సొమ్ము లేనిచో ఎంత అందంగా కట్టిన మైదానమైనా పశువుల బీడు అవుతుంది. నాల్గవది, బాలికలకు నిర్ణీత సమయం, మహిళా శిక్షకురాలు ఉండవలెనని ముందే వ్రాయించుకొనవలెను. దాత పేరు ఫలకంపై ఉండవచ్చును; అందులో తప్పు లేదు. కాని ఎవరు ఆడవలెను, ఎవరు ఆడరాదు అని నిర్ణయించే అధికారం ఊరిదే కావలెను. విజ్జీ కథ మనకు నేర్పిన పాఠం ఇదే.

ఈ ప్రసంగం ముగించేముందు మా వృత్తికి సంబంధించిన ఒక జ్ఞాపకం చెప్పదలచినాము. మా పెద్దలు పంచాయతీ రేడియోను గురించి చెప్పేవారు. ఇంటింటికి రేడియో లేని ఆ రోజులలో పంచాయతీ కచేరీ ముందు ఒక రేడియో పెట్టేవారు. సాయంకాలమయ్యేసరికి రైతులు, కూలీలు, పిల్లలు అరుగుచుట్టు చేరేవారు. వార్తలు, ధరవరలు, హరికథ, పాటలు అందరు కలిసి వినేవారు. దాని ఖరీదు ఎవరు చెల్లించినారో విన్నవారిలో చాలామందికి తెలియదు. తెలియవలసిన అవసరం కూడ లేకపోయినది. అది ఊరి రేడియో, అంతే. బ్యాటరీ అయిపోకుండ చూచే మనిషి ఒకడు ఉండేవాడు, ఆ మనిషి ఉన్నంతకాలం రేడియో పలికేది.

తాడేపల్లిగూడెం పాత విమానమైదానం మీద ఇటుకల వికెట్లతో ఆడుతున్న పిల్లలకు కూడ అటువంటి ఏర్పాటే కావలెను. సొమ్ము ఎవరిదైనా సరే, ఆటస్థలం ఊరిది కావలెను. దానిని కనిపెట్టుకొని ఉండే మనిషికి జీతం అందవలెను. అప్పుడు మళ్ళీ ఎవరైనా “ఈ స్థలం మీకు ఎవరిచ్చినారు?” అని అడిగితే, “ఇది మాదేనండి” అని ఆ పిల్లలు చెప్పగలరు.